మలుపు మీద వడ్లు

మొన్న అశోక్‌నగర్‌లో ఒక హాస్టల్ ముందు బియ్యం ఆరబోశారు. ముందురోజు వానకు సెల్లార్‌లోకి నీళ్ళొచ్చి బస్తాలు తడిసినట్టున్నాయి. సందులో సగం దాకా నీలం పరదా పరిచి, బియ్యం పలచగా పోసి, పరదా ఎగరకుండా నాలుగు మూలలా ఇటుకలు పెట్టారు. నాకు ముందు తగిలింది వాసనే. తడిసిన గింజ ఎండకు వేడెక్కుతుంటే వచ్చే వాసన, కొంచెం పులుపు, కొంచెం గోనెపట్ట. కారణమేమిటో తెలిసేలోపే నా చెయ్యి స్కూటర్ బ్రేకు మీదికి పోయింది. మెట్ల మీద కూర్చుని చదువుకుంటున్న అమ్మాయి తలెత్తి, "పక్కకెంచి పోవచ్చు అంకుల్, జాగ ఉన్నది" అంది. "జాగ ఉందమ్మా. ఆ ఇటుకను జర లోపలికి జరుపు" అన్నాను. "ఇటుకకు ఏమైతది అంకుల్?" "ఇటుకకు ఏం కాదు." ఆ అమ్మాయి నన్ను ఒకసారి వింతగా చూసి, కాలితో ఇటుకను పరదా మీదికి నెట్టి, మళ్ళీ పుస్తకంలో పడింది. నేను ముందుకు పోయి, స్కూటర్ పక్కన ఆపి, చాలాసేపు ఆ బియ్యాన్నే చూస్తూ నిలబడ్డాను. శకుంతల మేడం పోయి కొన్నేళ్ళయింది. ఆమె గురించి రాయాలని చాలాసార్లు కూర్చున్నాను. ఎక్కడ మొదలుపెట్టినా చివరికి ఒక మలుపు దగ్గరికే చేరుతున్నాను, అక్కడ నాకు అంతా కలగాపులగం అయిపోతుంది. ఈసారి కూడా అవుతుందేమో. అయినా రాస్తాను.

ఆమె రోడ్ల శాఖలో ఇంజనీరుగా చేసి, ముందుగానే పదవీ విరమణ తీసుకుని, నారాయణగూడలో ఒక కళ్ళజోళ్ళ దుకాణం మీద రెండు గదుల ఆఫీసు పెట్టుకున్నారు. ఆమె పని చెబితే మొదట ఎవరికీ అర్థమయ్యేది కాదు. పల్లెటూరి రోడ్ల మీద ప్రమాదాల్లో ఎవరెవరు ఎక్కడ, ఏ వేళలో, ఎలాంటి వాతావరణంలో చనిపోయారో పోలీసు రికార్డుల నుంచి తీసి, ఇక ముందు ఎక్కడ జరిగే అవకాశం ఎక్కువో చెప్పడం. నేను అప్పుడు అశోక్‌నగర్‌లో చిన్న డీటీపీ సెంటర్ నడిపేవాణ్ణి. ప్రభుత్వ ఉద్యోగాల పరీక్షలకు చదివే పిల్లల నోట్సు టైపు చేయడం, జిరాక్సులు తీయడం. డిగ్రీ మధ్యలో మానేశాను. లెక్కలు మాత్రం నన్ను మానలేదు. కోచింగ్ పేపర్లలో టైపు చేసిన లెక్కలను ముందు చేసి చూసేవాణ్ణి, తర్వాత ఆదివారం ఫుట్‌పాత్ మీద దొరికిన పాత పుస్తకాలు చదివాను, తర్వాత కంప్యూటర్‌తో పట్టికలు కట్టడం నాకు నేనే నేర్చుకున్నాను. ఎవరూ చెప్పలేదు కాబట్టి ఎక్కడ తప్పు నేర్చుకున్నానో కూడా ఎవరూ చెప్పలేదు.

ఒకరోజు ఆమె ఒక రిపోర్టు టైపు చేయించుకోవడానికి వచ్చారు. పొట్టి జుట్టు, కాటన్ చీర, కాళ్ళకు స్పోర్ట్స్ బూట్లు. టైపు చేస్తూ చేస్తూ ఆగి అడిగాను. "మేడం, ఇందులో 'పర్యావరణ కారణాలు' అని ఉంది. అంటే పొల్యూషనా?"

"పొల్యూషన్ గాదు. యాక్సిడెంట్ల కెంచి డ్రైవర్‌ను తీసెయ్. బండిని తీసెయ్. ఇంక ఏం మిగిలింది?"

"రోడ్డు."

"రోడ్డు. దాని మీద వాన. వాన లేకుంటే దుమ్ము. పొద్దు ఏ దిక్కున్నది, చెట్టు ఎంత దగ్గరున్నది, మోరీకి గోడ ఉన్నదా లేదా, బర్రెలు ఏడ దాటుతయి. గదంత పర్యావరణమే."

"బర్రెలు కూడానా మేడం?"

"మరి బర్రెను డ్రైవర్ల లెక్కేస్తవా?"

నేను నవ్వాను, ఆమె నవ్వలేదు. టైపు అయ్యాక కాగితాలు తిరగేసి, ఒక పట్టిక దగ్గర ఆగారు. అందులో వరసలు కలగాపులగంగా ఉన్నాయని, పెద్ద అంకె నుంచి చిన్న అంకెకు దిగేలా నేనే సర్దాను. "ఎందుకు మార్చినవ్?" అని అడిగారు. చూడటానికి బాగుంటుందని చెప్పాను. "చచ్చిపోయినోళ్ళ లెక్క బాబూ ఇది. బాగుండొద్దు" అని, కాగితాలు సంచిలో పెట్టుకుంటూ, "అయినా సర్దాలని బుద్ధి పుట్టింది చూడు, గది పనికొస్తది. సాయంత్రాలు ఆఫీసుకు వస్తవా?" అన్నారు. నన్ను తిట్టారో మెచ్చుకున్నారో అప్పుడు తెలియలేదు. ఆమెతో పనిచేసిన కాలమంతా ఆ సందేహం నన్ను వదల్లేదు.

ఆమె పనిచేసే పద్ధతి ఒకటుంది. దాన్ని నేను ఇంకెక్కడా చూడలేదు. ప్రమాదం ఏ వేళకు జరిగిందో అదే వేళకు, వీలైతే అదే నెలలో, చనిపోయిన మనిషి ఏ దిక్కు నుంచి వచ్చాడో ఆ దిక్కు నుంచి, ఆ చోటికి వెళ్ళాలి. వెళ్ళి ఊరికే కూర్చోవాలి. తన పాత కారు తానే నడుపుకుంటూ, ఫ్లాస్కులో టీ పెట్టుకుని వచ్చేవారు. మొదటిసారి నన్ను తీసుకుపోయింది పడమరకు పోయే ఒక రోడ్డుకు. పొద్దు కుంగే వేళ, ఇద్దరం మోరీ మీద, కల్వర్టు గోడ ఎక్కి కూర్చున్నాం. "ఏం కనబడుతుంది రమేశ్?" అని అడిగారు.

"పొద్దు."

"ఇంక?"

"ఇంకేం కనబడతలేదు మేడం. కండ్లు చిమచిమ అంటున్నయ్."

"రాసుకో."

"ఏమని?"

"ఏం కనబడతలేదని."

ఆ ఎర్రటి వెలుగులోంచి గడ్డిమోపు కట్టుకున్న సైకిలు ఒకటి ఉన్నట్టుండి బయటికొచ్చింది. తొక్కుతున్నతను మమ్మల్ని చూసి నమస్తే పెట్టి పోయాడు. "గీ అన్నను నువ్వు ఎప్పుడు చూసినవ్?" అన్నారు. దగ్గరికొచ్చాక చూశానన్నాను. "మనం కూసున్నం. లారీల ఉంటే?" నా వేళ్ళ కింద ఇన్నాళ్ళూ 'సాయంత్రం, ఎండ ఎదురుగా' అని ఒక గడిలో పడుతూ వచ్చిన మాటలు అంత గుడ్డివని అప్పుడు తెలిసింది. మరుసటి రోజు నుంచి అంకెలు ఎక్కించేటప్పుడు నా చెయ్యి నెమ్మదించింది. మేడం దాన్ని బద్ధకమనుకుని రెండుసార్లు కసిరారు.

మెల్లగా నేను నా సొంత లెక్క ఒకటి కట్టాను. వంపు, వెలుతురు, వాన, పొగమంచు, రోడ్డు వెడల్పు, పక్కన చెట్లు, జనం దాటే చోట్లు, అన్నిటికీ బరువులు ఇచ్చి, ఒక్కో రోడ్డు ముక్కకు ఒక్కో కాలంలో ఎన్ని మార్కులొస్తాయో చూడటం. ఎక్కువ మార్కులొచ్చిన చోటు ప్రమాదకరం. పాత సంవత్సరాల లెక్కతో కట్టి, తర్వాతి సంవత్సరంతో సరిచూస్తే మరీ తీసిపారేసేటట్టు ఏమీ లేదు. చిక్కడపల్లిలో మా ఇంటి ఓనర్ రాజేశ్వర్ గారికి ఈ సంగతి ఎలా తెలిసిందో, కిరాయి ఇవ్వడానికి పోతే, "మా బామ్మర్ది సూర్యాపేట దిక్కు పోతుండు. పోనియ్యాల్నా, ఆపాల్నా?" అని అడిగారు. అది మనుషుల గురించి చెప్పే లెక్క కాదని ఎంత చెప్పినా వినలేదు. "అయితే ఎందుకయ్యా నీ లెక్క?" అన్నారు. హాస్టల్ పిల్లలు నాకు చిత్రగుప్తుడన్న అని పేరు పెట్టారు. మేడంతో చెబితే ఆమె ఆ పేరును కూడా లెక్కలాగే పరీక్షించారు. "చిత్రగుప్తునికి పోయినోళ్ళ లెక్క తెలుసు. మనకు పోబొయ్యేటోళ్ళ లెక్క కావాలె. ఆయన నౌకరీ అల్కగుంది."

ఆ మలుపు ఆ లెక్కలోంచే పైకి తేలింది. ఊరి పేరు రాయను. ఊరు ఉంది, మనుషులున్నారు. రెండు వరుసల రోడ్డు, పొలాల మధ్య నుంచి వచ్చి, ఊరి మొదట్లో ఒక పక్కకు గట్టిగా తిరుగుతుంది. మామూలు రోజుల్లో దానికి వచ్చే మార్కులు మామూలే. వానకాలం పంట కోతలప్పుడు, సాయంత్రం పూట మాత్రం ఒక్కసారిగా పైకి లేచేవి. కారణం వడ్లు. మిషన్‌తో కోస్తే గింజ పచ్చిగా వస్తుంది. తేమ తగ్గితే తప్ప కొనుగోలు సెంటర్లో తూకం వేయరు. ఆరబెట్టడానికి ఆ ఊళ్ళో కల్లం లేదు. తారు రోడ్డు కిందినుంచి కూడా వేడి ఇస్తుంది. అందుకని రోడ్డులో సగం మీద వడ్లు పోసి, పొద్దు వాలగానే కుప్ప చేసి, నల్ల కవరు కప్పి, బండ్లు ఎక్కకుండా చుట్టూ రాళ్ళు పెట్టేవారు. చీకట్లో నల్ల కవరు రోడ్డులో కలిసిపోతుంది, రాయీ కలిసిపోతుంది. అంతకు ముందు పంటకు ఒక బైకు ఆ రాళ్ళకు గుద్దుకుంది. వెనక కూర్చున్న భార్య బతికింది, నడుపుతున్న భర్త బతకలేదు. ఈ పంటకు కూడా అక్కడ ఒకరు పోతారని మా లెక్క చెబుతోంది. మేడం సంబంధిత ఆఫీసుకు రాశారు, తర్వాత ఫోన్ చేశారు. అవతలి అధికారి మర్యాదగానే మాట్లాడారు. "మేడం, అక్కడ ఇంకా అంతమంది పోలేదు. సంఖ్య దాటితేనే మేం ఏదన్న చెయ్యగలం." "పోయేదాక కూసుందామా సార్?" "రూలు అట్లున్నది మేడం, నేనేం జెయ్యాలె?" మేడం ఫోన్ పెట్టేసి, "రేపు పోదాం" అన్నారు.

మేం వెళ్ళేసరికి సాయంత్రమైంది. మలుపు మీద ఒకాయన పారతో వడ్లు కుప్ప చేస్తున్నాడు. తలకు తువ్వాల, నోట్లో వక్కపలుకు. పేరు మల్లయ్య అని తర్వాత తెలిసింది. మేడం ఫోటో తీస్తుంటే పార ఆపి పోజు పెట్టాడు.

"పేపర్ల వేస్తరా మేడం?"

"పేపర్ల గాదు. ఈ రాళ్ళు ఎవరియి?"

"రాళ్ళు దేవునియి. వడ్లు మాయి."

"పొద్దు వోయినంక బండోనికి ఈ రాయి కనబడదు. పోయినసారి ఏమైందో తెల్వదా నీకు?"

"తెల్వకేం. ఆ పిలగాడు మా చుట్టాల పిలగాడే. రాయి పెట్టకుంటే బండ్లు వడ్ల మీదికెంచి పోతయి. గింజ నూకైతది. నూకైతే సెంటర్ల కాంటా వెయ్యరు."

"అయితే రోడ్డు మీద పొయ్యకు."

"ఏడ పొయ్యాలె మరి? మీ ఆఫీసుల పొయ్యాల్నా? ఎంత పెద్దగుంటది మీ ఆఫీసు?"

"రెండు రూములు" అన్నారు మేడం. ఆమె మొహంలో నవ్వు లేదు, నిజంగానే లెక్కకట్టి చెప్పారు.

"సాలదు మేడం. నాది ఐదెకరాలు."

చుట్టూ చేరిన నలుగురూ విరగబడి నవ్వారు. మేడం కూడా నవ్వారు. అక్కడే కుప్ప పక్కన కూర్చుని, ఆ సాయంత్రం, మళ్ళీ మరో రెండు సాయంత్రాలు, ఆమె ఆయనతో వాదించారు. రోడ్డుకు అవతల రాళ్ళతో నిండిన పడావు జాగా ఒకటుంది. ఊరివాళ్ళతో మాట్లాడి, ట్రాక్టరుతో దాన్ని చదును చేయించి, పరదాలు పరిస్తే కల్లంగా పనికొస్తుందని ఒప్పించారు. అందరికంటే ముందు మల్లయ్యే తన వడ్లు ఎత్తాడు. "ఈమెతోని వాదించుడు కన్న వడ్లు మోసుడే అల్కగుంది" అని తట్ట నెత్తికెత్తుకున్నాడు. రెండు రోజుల్లో మలుపు ఖాళీ అయింది. రాళ్ళు లేవు, కవర్లు లేవు, నల్లటి రోడ్డు శుభ్రంగా మెరుస్తోంది. తిరుగుదారిలో మేడం దారి పక్కన కారు ఆపి మిరపకాయ బజ్జీలు తినిపించారు. ఆమె అంత ఉల్లాసంగా ఉండటం నేను ఎన్నడూ చూడలేదు. "మన లెక్క ఈసారి తప్పాలె రమేశ్" అన్నారు. "తప్పాలని లెక్క కట్టేటోళ్ళం మనమే ఉంటం."

వారం తిరక్కముందే ఊరి నుంచి ఫోన్ వచ్చింది. మల్లయ్య చనిపోయాడు. మిట్టమధ్యాహ్నం. వాన లేదు, మంచు లేదు, ఎండ కంట్లో కొట్టే వేళ కాదు. కల్లంలో వడ్లు తిరగేసి, నీళ్ళు తాగడానికి ఇంటికి పోదామని రోడ్డు దాటుతున్నాడు. మలుపు తిరిగి ఒక కారు వచ్చింది. రోడ్డంతా ఖాళీగా ఉందని, అందుకే అంత వేగంగా వచ్చానని ఆ కారు అతను చెప్పాడట. అబద్ధం కాదు. రోడ్డు ఖాళీగానే ఉంది. ఖాళీ చేయించింది మేం.

ఇక్కడి నుంచి నాకు ఏదీ వరసలో పెట్టడం చేతకాదు. జరిగింది జరిగినట్టు చెబుతాను. ఫోన్ వచ్చిన మర్నాడు, తన పద్ధతి ప్రకారమే, మేడం నన్ను మధ్యాహ్నం వేళకు ఆ మలుపు దగ్గరికి తీసుకెళ్ళారు. ఇద్దరం గట్టు మీద కూర్చున్నాం. బండ్లు రివ్వున వచ్చి రివ్వున పోతున్నాయి. "స్పీడు చూస్తున్నవా?" అన్నారు. చూస్తున్నానన్నాను. "వడ్లున్నప్పుడు గింత స్పీడుండెనా?" నేను గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాను. సగం రోడ్డు మీద వడ్లుంటే ఎదురుబండి కోసం ఆగి, దారిచ్చి, మెల్లగా పోవాల్సిందే కదా. అలా పోయేవని అనిపించింది. కానీ చూశానా? చూడలేదు. వడ్లున్నప్పుడు మేం ఒక్క మధ్యాహ్నం కూడా అక్కడికి రాలేదు. ఎందుకు రాలేదంటే, మధ్యాహ్నం అక్కడ ఎవరూ చనిపోలేదు. ఎవరూ చనిపోని వేళకు ఏ చోటికీ వెళ్ళకపోవడమే మా పద్ధతి. మేడం ఫ్లాస్కు మూత తీసి, టీ పోయకుండానే మళ్ళీ పెట్టేశారు.

ఆ పై వారం ఆ అధికారి తానే ఫోన్ చేశారు. మేడం స్పీకర్ పెట్టారు. "మీ లెక్క కరెక్టయింది మేడం. ఆ స్ట్రెచ్చుల ఒకరు పోతరన్నరు, పోయిండు. ఇప్పుడు సంఖ్య దాటింది, నేను ఫైలు కదిలిస్త. బోర్డులొస్తయి, హంపులొస్తయి." ఆయన గొంతులో నిజమైన మెచ్చుకోలు ఉంది. మేడం "సరే సార్" అని పెట్టేశారు. ఆ సాయంత్రం నేను నా పట్టిక ముందు కూర్చున్నాను. చెప్పిన చోటు, ఆ మలుపు. చెప్పిన కాలం, కోతలు. జరిగిందా, జరిగింది. లెక్క ప్రకారం నా అంచనా నిజమైనట్టే. కానీ నేను చెప్పింది సాయంత్రపు చావు, జరిగింది మధ్యాహ్నపు చావు. నేను చెప్పింది వడ్లున్నందుకు, జరిగింది వడ్లు లేనందుకు. అయితే తప్పయినట్టా? తప్పయితే, నేను చెప్పిన సాయంత్రపు మనిషి బతికినట్టే కదా? బతికుంటే ఎవరతను? వడ్ల ఆరబోతను లెక్కలో పగలు, సాయంత్రం విడగొట్టి మళ్ళీ కట్టాను. అన్ని ఊళ్ళూ కలిపినా ఆ గడుల్లో పడేవాళ్ళు మరీ కొద్దిమంది. ఒక మనిషిని ఇటు వేస్తే వడ్లు మంచివి, అటు వేస్తే వడ్లు చెడ్డవి. లెక్క ఏమీ చెప్పలేదు. తెల్లబోయి మేడం వైపు తిరిగి, "మనం పోకుంటే మల్లయ్య ఉండునా మేడం?" అని అడిగాను.

"ఉండునేమో."

"మరి ఇంకొకరు పోవునా?"

"పోవునేమో." నా పట్టిక వైపు చూపించి అన్నారు: "పోయినోనికి పేరుంటది రమేశ్. వాడు కండ్ల ముందట ఉంటడు. బతికినోడు వచ్చి మనకు దండం పెట్టడు. బతికిండన్న సంగతి వానికే తెల్వది. ఇద్దరిని పక్కపక్కన పెట్టి తూచు అంటే ఎట్ల తూస్తవ్?" సమాధానం కోసం అడిగారో, ఊరికే అన్నారో తెలియలేదు. నేను తూచడానికే ప్రయత్నిస్తూ కూర్చున్నాను. ఇప్పటికీ అప్పుడప్పుడు అదే చేస్తుంటాను.

దినాలు అయిపోయాక మేడం మల్లయ్య ఇంటికి వెళ్దామన్నారు. నేను వద్దన్నాను, వాళ్ళు కొడతారేమో అన్నాను. "కొడితే కొట్టనీ" అన్నారు. మల్లయ్య భార్య సత్తెమ్మ వాకిట్లో చాటతో వడ్లు చెరుగుతోంది. మమ్మల్ని చూసి చాట కింద పెట్టలేదు. మేడం అరుగు మీద కూర్చున్నారు, నేను నిలబడ్డాను. పొట్టు గాలికి ఎగిరి మేడం చీర మీద పడుతోంది. చివరికి సత్తెమ్మే అంది.

"ఇంక సగం వడ్లు పచ్చిగనే ఉన్నయి. ఏడ పొయ్యమంటవమ్మా? రోడ్డు మీదనా, అవుతలనా? నువ్వే జెప్పు."

నేను మేడం వైపు చూశాను.

"నాకు తెల్వది సత్తెమ్మా" అన్నారు.

"తెల్వకుంటే ఎందుకొచ్చినవ్ మరి?"

"తెల్వదని చెప్పనీకే వచ్చిన. పోయినసారి తెలుసన్నట్టు చెప్పిన కద. గందుకు."

సత్తెమ్మ చాట ఆపింది. తిడుతుందని, ఏడుస్తుందని అనుకున్నాను. ఆమె మేడంను తేరిపార చూసి, "ఆయన నిన్ను రెండ్రూముల మేడం అంటుండె" అంది. తర్వాత లోపలికి పోయి చెంబుతో నీళ్ళు తెచ్చి అరుగు మీద పెట్టింది. మేడం తాగారు. నాకూ ఇచ్చారు. ఆ నీళ్ళు క్షమించినట్టా, వచ్చిన మనిషికి ఇచ్చే నీళ్ళేనా, నాకు ఈ రోజుకీ తేలలేదు. కారెక్కాక మేడంను అడిగాను. "నీళ్ళు నీళ్ళే. వాటికి ఇంకో గడి కట్టకు" అన్నారు.

మిగిలిన వడ్లను సత్తెమ్మ తన పద్ధతిలో ఆరబెట్టింది. పగలు రోడ్డులో సగం మీదే పోసింది. పొద్దు వాలకముందే ఒక్క గింజ లేకుండా ఊడ్చి, తట్టలతో ఇంటి వాకిట్లోకి మోసింది. కుప్ప లేదు, కవరు లేదు, రాయి లేదు. మోత మాత్రం రెండింతలు. మేం వెళ్ళిన ఒక సాయంత్రం మేడం అది మంచిదనీ అనలేదు, చెడ్డదనీ అనలేదు. చీపురు తీసుకుని రోడ్డు ఊడవడం మొదలుపెట్టారు. "పొట్టు దిక్కు ఊడువకమ్మా, గాలి ఎటున్నదో సూస్కో" అని సత్తెమ్మ కసిరింది. ఇంజనీరమ్మ గాలి చూసుకుని రెండో వైపుకు వచ్చారు. నేను తట్టలు మోశాను. మరుసటి పంటకు ఊళ్ళో చాలామంది అలాగే చేశారు. అప్పటికి బోర్డులు, హంపులు కూడా వచ్చాయి. మల్లయ్య పోయిన భయం కూడా జనంలో ఉంది. ఆ పంటకు అక్కడ ఎవరూ చనిపోలేదు, ఆ తర్వాతి పంటకు కూడా లేదు. హంపుల వల్లనా, సత్తెమ్మ పద్ధతి వల్లనా, భయం వల్లనా, లేక ఊరికేనా? అన్నీ ఒకేసారి వచ్చాయి కాబట్టి విడదీసే దారి లేదు. విడదీయాలంటే ఒకదాన్ని తీసేసి చూడాలి. తీసేసి చూద్దామని ఆ ఊళ్ళో ఎవరితో అంటాను?

మేడం జబ్బుపడి ఆఫీసు మూసే దాకా నేను ఆమెతోనే ఉన్నాను. విద్యానగర్‌లో వాళ్ళ చెల్లెలింట్లో ఉన్నప్పుడు చూడ్డానికి పోతే, పని గురించే అడిగేవారు. చివరిసారి వెళ్ళినప్పుడు కొత్త లెక్క ఎలా ఉందన్నారు. బాగానే వస్తోంది, తప్పులు తగ్గాయి అన్నాను. "తప్పులు తగ్గినయంటే జర భయపడు" అన్నారు. అది ఆమె నాతో చివరిగా మాట్లాడిన పెద్ద మాట. ఎంత ఆలోచించినా నాకది సగమే అర్థమవుతుంది. లెక్క నిజమవుతోందంటే మనుషులు పోతున్నారని అన్నారా? లేక నన్ను నేను నమ్ముకోవద్దని అన్నారా? రెండూ అయి ఉండొచ్చు. ఆమెను అడిగితే, "రెండు రాసుకో" అనేవారేమో.

ఇప్పుడు ఇదే పని నేను ఇంకొకరి దగ్గర చేస్తున్నాను. కంప్యూటర్లు మారాయి, ఆకాశం నుంచి తీసిన బొమ్మలు, వాన లెక్కలు అన్నీ కుర్చీలోంచి కదలకుండానే వస్తాయి. నాతో పనిచేసే పిల్లలు నాకన్నా ఎంతో చదువుకున్నవాళ్ళు. వాళ్ళ అంచనాలు నావాటికన్నా నయంగా ఉంటాయి, అందులో నాకు సందేహం లేదు. వాళ్ళు చేయనిది నేను చేసేది ఒక్కటే. మేం ప్రమాదకరమని చెప్పిన ప్రతి చోటికీ, ఏదో ఒక మార్పు జరిగాక, మళ్ళీ ఒకసారి వెళ్తాను. మళ్ళీ వెళ్ళమని ఎవరూ అడగరు, రిపోర్టులో దానికి చోటు కూడా లేదు. ఎవరూ చనిపోని వేళకు, ఉదయం పదికో మధ్యాహ్నం మూడుకో పోయి, గట్టు మీద కూర్చుంటాను. మేం చెప్పినదాని వల్ల ఆ రోడ్డు మీద మనుషులు ఎటు దాటుతున్నారో, బండ్లు ఎలా పోతున్నాయో చూస్తాను. కాసేపటికి ఎవరో ఒకరు వచ్చి, "పోయినసారొచ్చి అన్నీ చెప్పి పోయిండ్రు కద సారూ, మళ్ళెందుకొచ్చిండ్రు?" అని అడుగుతారు. "మేం చెప్పింది తప్పేమో చూద్దమని వచ్చిన" అంటాను. కొన్ని ఊళ్ళలో నవ్వి కుర్చీ తెచ్చి వేస్తారు. కొన్ని ఊళ్ళలో వేయరు. అక్కడ నిలబడే చూస్తాను.